ఇరవై ఒక్క రాళ్లు, ముంతెడు సున్నం

ఆ రోజుల్లో కర్దనూర్ వైపు ఇన్ని గోదాములు లేవు, పుకార్లు మాత్రం ఇప్పటికంటే ఎక్కువే. మా ఇంట్లో ఏ పెళ్లి భోజనాల దగ్గరైనా ఎవరో ఒకరు అందుకుంటారు: "గీమె డిగ్రీల ఉన్నప్పుడే పెద్దమామ చేను అమ్మజూసింది." శుద్ధ అబద్ధం. నేను చేసిందల్లా రాళ్లకు నంబర్లు వేయడం.

మామలు, అంటే మా అమ్మ అన్నదమ్ములు, ముగ్గురిదీ పంచుకోని చేను. అందులో రాకాసి గుళ్లు ఉండేవి, అంటే వేల ఏళ్ల కిందటి సమాధి చుట్టూ గుండ్రంగా పాతిన బండలు. (రాక్షసులు కట్టారంటారు. వాళ్లకు అంత ఓపికెక్కడిది?) వాటిని పీకేస్తే చేను మంచి ధర పలుకుతుందని బ్రోకర్లు చెవిలో వేసి పోయారు. చిన్నవాళ్లిద్దరూ సరేనన్నారు. పెద్దమామ మాత్రం ఎప్పటిలాగే నాగలిని బండల చుట్టూ తిప్పి దున్నుకునేవాడు.

మా చరిత్ర సారు క్లాసునంతా అక్కడికి తీసుకొచ్చి, రాళ్లు పద్దెనిమిదని రాసుకోమన్నారు. ఇరవై ఒకటన్నాను. తుప్పల్లోని మూడింటిని ఆయన చూడలేదు. "నీకు వాదన ఎక్కువ, లెక్క తక్కువ" అన్నారు అందరి ముందు. ఊరుకుంటానా? శనివారం సాయంత్రం ముంతలో సున్నం, పాత బ్రష్షు పట్టుకెళ్లి ప్రతి బండ మీదా జానెడేసి అంకె వేశాను. సోమవారం సారును మళ్లీ పట్టుకురావాలని నా పట్టుదల. గట్టు మీద పెద్దమామ తువ్వాల ఉంది, మనిషి కనబడలేదు.

అప్పుడే ముత్తంగి దారి పొడుగునా పొలాలు ప్లాట్లవుతున్నాయి. సున్నం పూసిన రాయి, దాని మీద నంబరు అంటే మా వైపు ఒకటే అర్థం. (నాకు తట్టలేదు. చరిత్ర చదివేవాళ్లకు చుట్టుపక్కల సంగతులు పట్టవు.) ఆదివారం తెల్లారేసరికి తమ్ముళ్లిద్దరూ పెద్దమామ వాకిట్లో ఉన్నారు.

"ఏందన్నా, మాకు చెప్పకుంట ప్లాట్లు కొట్టిస్తున్నవా?" అన్నాడు నడిపిమామ.

"పన్నెండో నంబరు తూర్పు ముఖమేనా అని ఒకాయన నన్నే అడిగిండు!" అన్నాడు చిన్నమామ.

"గుండ్రంగ ప్లాట్లేందయ్యా, ఎవలన్న సూసిన్రా?" అని అత్త మొత్తుకుంది.

"కొత్త మోడలేమో వదినా!" అన్నాడు చిన్నమామే.

"మామా, గవి నేనే..." అని నోరు తెరిచాను. పెద్దమామ నా వైపు తిరగకుండానే, "కోడలా, లోపలికి వోయి చాయ్ పెట్టు" అన్నాడు. ఈ జన్మలో నా నోరు మూయించిన మాట అదొక్కటే.

చాయ్ మరిగేలోపు పెద్దమనుషులొచ్చారు, కాగితమూ రాశారు: ముగ్గురూ సంతకం పెడితే తప్ప చేను అమ్మరాదు. ఎక్కడ మోసపోతామోనని ముందు సంతకం పెట్టింది తమ్ముళ్లే. పెద్దమామ ఆఖరున, తీరిగ్గా పెట్టాడు. ఆ తర్వాత ఆయన ఏ అమ్మకం కాగితం మీదా పెన్ను పెట్టలేదు.

నిరుడు వెళ్లి లెక్కపెట్టాను. చుట్టూ గోదాములు, మధ్యలో ఇరవై ఒకటీ ఉన్నాయి. (సారు ఒప్పుకోకుండానే రిటైరయ్యారు.) "మా కోడలు రాసింది" అని ఒక్క ముక్క అంటే తేలిపోయే గొడవ, ఎందుకనలేదు మామా అని అడిగితే, ఎనభై దాటిన ఆ మనిషి ఇప్పటికీ, "జెర చాయ్ పెట్టు కోడలా" అంటాడు. పెడుతూనే ఉన్నాను. నాకు తెలియాల్సింది ఒకటే: ఆ సాయంత్రం నేను ఒళ్లంతా సున్నం చేసుకుని ఒకటి నుంచి ఇరవై ఒకటి దాకా వేస్తుంటే, తువ్వాల గట్టున వదిలి, ఈయన ఏ తుప్ప చాటున కూర్చుని చూశాడు?