కోరుట్లలో వదిన చావలేదు

మంగళవారం పొద్దున అత్త ఫోన్ చేసి, "అల్లుడా, మీ మామ పోయిండు" అన్నది. "యాడికి?" అన్నాను.

నా నోరు అలాంటిది. అయినా నా తప్పేముంది, ఆ మనిషి రోజూ ఎటో ఒక దిక్కు పోతూనే ఉండేవాడు. జగిత్యాలలో దరఖాస్తు టైపు చేయించడానికి ఒక రోజు, సిరిసిల్లలో సంతకాలు పట్టుకురావడానికి ఇంకో రోజు. అత్త పక్కన ఎవరో ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. అప్పుడు గాని నాకు తలకెక్కలేదు.

మామ అంటే సొంత మామ కాదు. మా గోడకు అవతలి ఇంటాయన. కోరుట్లలో ఇప్పుడు ఫంక్షన్ హాలుగా మారిన ఒక టాకీసులో ప్రొజెక్టర్ ఆపరేటరు. నేను తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివి, రెండోసారి కూడా నచ్చక మానేసినవాణ్ని. మనుషుల మీద వేళాకోళాలు ఆడటం తప్ప రాయడం అలవాటు లేదు. కానీ మూడు వారాల నుంచి ఇంట్లో కాలు నిలవడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తెలియదు. అందుకే మీతో చెప్పుకుంటున్నాను.

ఆయన చేతుల మీద, ప్రొజెక్టర్‌లో వెలుగు కోసం మండించే కార్బన్ కడ్డీల నిప్పురవ్వలు పడిన మచ్చలు ఉండేవి. టీవీలో పాత సినిమా వస్తుంటే కథ చూసేవాడు కాదు, తెర కుడి మూల చూసేవాడు. అక్కడ గుండ్రటి చుక్క ఒకటి మెరిసి పోతుంది. రీలు అయిపోవస్తోంది, రెండో మిషన్ ఎక్కించుకో అని ఆపరేటరుకు గుర్తు అది. చుక్క కనిపించగానే తింటున్న ముద్ద పక్కన పెట్టి లేచి నిలబడేవాడు. "కూసో, నీ టాకీసు గాదు గిది" అని అత్త అరిస్తే మళ్లీ కూర్చునేవాడు. "ఎవలు ఏడ్సినా నవ్వినా మనకొద్దు, తెర మాత్రం తెల్లగ పడొద్దు" అనేవాడు. తన సర్వీసులో ఒక్కసారి కూడా పడనివ్వలేదట.

అంత పనిమంతుణ్ని అత్త ఊరంతా ఏమని చెప్పుకునేదో తెలుసా? రీలు తప్పేసిన మొగుడు అని. కూరలో ఉప్పు చాలలేదంటే, "రీలు తప్పేసినోనికి ఉప్పు తెలుస్తదా?" అనేది. తాళంచెవి కనిపించకపోతే, "రీళ్లే కలిపినోడు తాళంచెవులు కలుపడా?" అనేది. పెళ్లిళ్లలో, బీడీలు చుట్టే ఆడవాళ్ల మధ్యలో, ఎక్కడ కూర్చున్నా అదే ముచ్చట. మామ మీసం కింద నవ్వుకుంటూ ఊరుకునేవాడు. ఆ ఊరుకోవడం వెనక ఏముందో నాకు మొన్న మొన్నటి దాకా తెలియదు.

దీపాల కంపెనీ అని మేము ముద్దుగా పిలుచుకునే స్టూడియో ఒకటి ఉండేది. సినిమా మొదట్లో గడప మీద రెండు దీపాలు వెలిగేవి. అన్నదమ్ములు విడిపోయి కలవడం, వదిన మరుదులను సాకడం, చివర అందరూ ఒకే బంతిలో కూర్చుని తినడం, అన్నీ ఇంటిల్లిపాదీ చూసే సినిమాలే. ఇప్పుడవి ఎక్కడా దొరకవు. టీవీలో రావు. ఫోన్‌లో వంకాయ కూర వండేది వస్తుంది, వంకాయ లేకుండా వంకాయ కూర వండేది కూడా వస్తుంది, ఇవి మాత్రం రావు. ఆ సినిమాలు మళ్లీ బయటికి తేవాలని మామ ఒక వాట్సాప్ గ్రూపు పెట్టించాడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాళ్లు వంద మంది దాకా చేరారు. ఎవరైనా ఫొటో పెడితే మామ ఫోన్‌ను ఫిల్ము ముక్క పట్టినట్టు వెలుతురుకు ఎత్తి పట్టి చూసేవాడు.

గ్రూపులో ఒక రోజు గొడవ లేచింది. అందరికీ కావలసింది ఆ కంపెనీ తీసిన వదిన సినిమానే. సిరిసిల్లలో సాంచాలు నడిపే ఒకాయన, వెనక ఆ మరమగ్గాల మోత వినిపిస్తుండగా వాయిస్ పెట్టాడు. "వదిన సచ్చిపోయే సీను సూసి మేము ఒక పూట సాంచాలు బందు పెట్టినమన్నా."

కోరుట్ల ఆడవాళ్లు ఊరుకుంటారా? "ఎవలు సచ్చిండ్రు? మా వదిన ఆఖర్ల బస్సు దిగి సల్లగ ఇంటికొచ్చింది."

"అక్కా, ఫొటోకు దండ గూడ ఏసిండ్రు."

"మీ ఊర్ల ఏసిండ్రేమో!"

నేను మధ్యలో దూరి, "సిరిసిల్లోళ్లు బట్ట నేసినట్టు కత నేస్తరు" అని ఎగదోశాను. మూడు రోజులు తిట్టుకున్నారు. ప్రతిదానికీ దండం బొమ్మ పెట్టే మామ మాత్రం ఆ మూడు రోజులూ నోరు విప్పలేదు.

ఏదో ఉందనిపించింది. కొత్త నంబరు నుంచి మామకు, గొంతు మార్చి, కోస్తా యాసలో ఫోన్ చేశాను. "మేం స్టూడియో నుంచండీ. మా సినిమాను కోరుట్లలో ఎవరో ఆపరేటరు కోసేశాడని ఫిర్యాదు వచ్చిందండీ."

బుకాయిస్తాడు, లేదా తిడతాడు, నవ్వుకుందాం అనుకున్నాను. ఆయన అన్నాడు: "కోసింది నిజమే సారు. కని రీళ్ల డబ్బలు వాపసు పంపేటప్పుడు ఏడ తీసిన ముక్క ఆడ్నే అతికిచ్చి పంపిన. ఒక్క ఫ్రేము తక్కువున్నా నన్నడుగుండ్రి. కేసు పెడితె పెట్టుండ్రి గని, కాయితం మాత్రం ఇంటికి పంపకుండ్రి. మా ఇంటామె సదువుతది."

నాకు నవ్వు ఆగలేదు. అవతల గొంతు గట్టిపడింది. "నువ్వారా?" అని ఫోన్ పెట్టేశాడు.

రెండు రోజులు గోడ మీదుగా కూడా చూడలేదు. మూడో రోజు మధ్యాహ్నం, అత్త బీడీలు అప్పజెప్పడానికి పోయిన వేళ పిలిచి చెప్పాడు.

వదిన సినిమా కోరుట్లకు వచ్చేనాటికి వాళ్ల పెళ్లయి ఏడాది. అత్త తల్లి చనిపోయి నెల కాలేదు. మనసు మళ్లుతుందని మామే ఆమెను మొదటి రోజు మ్యాటినీకి రమ్మన్నాడు. తల్లిలాంటి వదిన తెర మీద చచ్చిపోయింది. అత్త ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు పొయ్యి వెలగలేదు, ఆమె మాట్లాడలేదు. మూడో రోజు మామ క్యాబిన్‌లో కూర్చుని చావు సీను కోశాడు, దండ వేసిన ఫొటో కోశాడు. సినిమా మొదటి సగంలో వదిన పుట్టింటి నుంచి వచ్చి బస్సు దిగే సీనును తీసి చివర అతికించాడు. ఇంటికిపోయి, "మొన్న వేరే సినిమా రీలు కలిసింది, నాదే తప్పు. ఇయ్యాల సక్కగ ఏసిన, వచ్చి సూడు" అన్నాడు. ఆమె పోయి చూసింది. వచ్చి అన్నం వండింది.

ఒకసారి ఆ మాట అన్నాక సినిమా ఆడినన్ని రోజులూ అట్లాగే వేయాల్సి వచ్చింది. మొదటి రెండు రోజులు చూసినవాళ్లు కూడా రీలు తప్పిందనే నమ్మారు. ఎందుకంటే అత్తే ఇల్లిల్లూ తిరిగి ఆ మాట చెప్పింది.

"మరి ఇన్నేండ్లు మాటలు పడుడెందుకు మామా?"

"నా పని మీదనే కదరా మాట. ఆమె పానం మీదికి రాలె గద."

"అయితే సినిమా రావాలని గింత తిరుగుడెందుకు?"

ఆయన చేతి మీది మచ్చలు రుద్దుకున్నాడు. "ఆపరేటర్ను రా. నేను రీలు తప్పెయ్యలేదని ఆమెకు తెల్వాలె. పగలంత రావాలె రావాలె అని తిరుగుత. ఆమె బువ్వ పెడుతుంటె రావద్దు అనిపిస్తది." వేలు చూపించి మళ్లీ అన్నాడు. "వస్తే మాత్రం నువ్వు జెప్పకు. పక్కన కూసోని నేనే జెప్త."

చెప్పాలని ఎన్నిసార్లు మొదలుపెట్టాడో నేను గోడ ఇవతల నుంచి విన్నాను. "ఏమే, గా వదిన సినిమా..." అంటాడు. "రీలు తప్పేసినవ్, యాదికున్నది" అని అత్త అనేస్తుంది. అక్కడితో సరి. నేను మంచివాణ్నేమీ కాదు. అంత తెలిశాక కూడా నలుగురిలో ఉన్నప్పుడు, "అత్తా, నీకో ముచ్చట జెప్పాలె" అని మొదలుపెట్టి, మామ మొహంలో రంగు పోవడం చూసి నవ్వుకునేవాణ్ని. నాలుగైదుసార్లు చేశాను. ఇప్పుడు అది గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

స్టూడియో వాళ్లు మొదట, "హక్కులు ఎవరివో తేలలేదండీ, అయినా ఇప్పుడు ఎవరు చూస్తారండీ" అన్నారు. మామ మళ్లీ రాయించాడు. ప్రతి శుక్రవారం పొద్దున లేవగానే ఫోన్ ఎత్తి పట్టి వెతికేవాడు. ఐదో దరఖాస్తు పంపిన తర్వాత గుండె నొప్పి అన్నాడు. జగిత్యాల దవాఖానలో ఒక్క రాత్రి ఉన్నాడు.

పదకొండో రోజు కర్మ అయిన తర్వాతి శుక్రవారం వదిన సినిమా ఫోన్‌లోకి వచ్చింది. పూర్తిగా, ఉచితంగా. గ్రూపులో దండలు, దండాలు, ఏడుపు బొమ్మలు. అత్త నన్ను పిలిచింది. "మీ మామ పానమంత దీని మీదనే ఉండె. పెట్టు, సూస్త."

పెట్టనా, నెట్ రావడం లేదని అబద్ధం ఆడనా? జీవితమంతా అబద్ధాలతో నవ్వించినవాడికి ఆ రోజు ఒక్కటి కూడా నోట్లోకి రాలేదు. మధ్యాహ్నం పూట టీవీకి ఫోన్ కలిపి పెట్టాను. దీపాలు వెలిగాయి. అత్త చేట పక్కన పెట్టి కూర్చుంది. గంట గడవకముందే వదిన పెట్టె పట్టుకుని బస్సు దిగింది.

అత్త ముందుకు వంగింది. "ఓరి, గిది ఆఖర్ల గదరా వచ్చేది? గీ కంపెనోళ్లు గూడ రీలు తప్పేసిండ్రు!"

నవ్వాను. నవ్వు సగంలోనే ఆపేశాను. "లేదత్తా" అన్నాను. "గీళ్లు తప్పెయ్యలే. మామ గూడ తప్పెయ్యలే." ఇక ఆగలేదు. క్యాబిన్‌లో కోసింది, అతికించింది, ఎందుకు చేశాడో, తానే చెబుతానన్నది, ఉన్నదున్నట్టు చెప్పేశాను. సినిమా నడుస్తూనే ఉంది.

అత్త తెర మీది నుంచి నా వైపు తిరిగింది. నా చెంప పగలగొడుతుందనుకున్నాను. "అంటే మొదటి దినం ఏసిందే అసలుదా?" అన్నది.

"అవునత్తా."

"రీలు తప్పలే?"

"ఎన్నడూ తప్పలే."

ఆమె లేచింది. కొంగు దులిపి తల మీద వేసుకుంది. "ఊరందరికి జెప్పితిని గదరా" అన్నది. అని చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది.

నేను వెనకే పోబోయి గడపలో ఆగాను. అత్త ఆ పక్కింటి ముందు నిలబడి, లోపలున్న ఆమెను పేరు పెట్టి పిలుస్తోంది. "ఇగో, మా ఆయన రీలు తప్పెయ్యలేదే. నేనే ఉత్త పుణ్యానికి మాట అన్న." ఆమెకు ఏమీ అర్థం కాక బీడీల చేటతోనే బయటికొచ్చింది. అత్త అప్పటికే తర్వాతి ఇంటికి పోయింది.

వెనక గదిలో ఎవరూ లేరు. మామ ఇన్ని దరఖాస్తులు పెట్టి తెచ్చుకున్న వదిన ఖాళీ గదిలో టీవీ తెర మీద మంచం పట్టింది, మరుదులను దగ్గరికి పిలిచింది, కళ్లు మూసింది. బయట నడి ఎండలో అత్త నాలుగో ఇంటి తలుపు కొడుతోంది.