ప్రభువు బల్ల ముందు జాతీయ గీతం

మా ఉయ్యూరు సంఘపెద్దగారిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చర్చిలో ప్రార్థన జరుగుతున్నా ఆయన కళ్ళు గుమ్మం వైపే ఉండేవి, అధికారులెవరైనా వస్తారేమోనని.

ఎమర్జెన్సీ రోజుల్లో ఒక ఆదివారం తహసీల్దారుగారు నిజంగానే వచ్చారు. అప్పటికి మేమంతా ప్రభువు బల్ల ముందు మోకరించి ఉన్నాం. ప్రభువు శరీరమని ఇచ్చే రొట్టె అందింది, ఆయన రక్తమని ఇచ్చే ద్రాక్షరసం ఇంకా అందలేదు. సంఘపెద్దగారు పాస్టరుగారిని ఆపేసి, "లేవండి, లేవండి, జాతీయ గీతం పాడాలి" అంటూ అందరినీ బల్లకు వీపు పెట్టించి గుమ్మం వైపు తిప్పారు.

మా అత్తగారు లేవలేదు. ఆయన వచ్చి ఆవిడ రెక్క పట్టుకుని లాగారు.

"దేశం కోసం వారం వారం ప్రార్థన చేస్తూనే ఉన్నాంగా బాబూ. ఆ పాట బయట జెండా దగ్గర పాడుకోకూడదూ? నన్ను ఆ రసం పుచ్చుకోనియ్యి" అన్నారు అత్తగారు.

"రేపు పోలీసులొస్తే జైలుకి నువ్వెళ్తావా ముసలమ్మా, నేనెళ్ళాలా?" అని ఆయన పళ్ళు కొరికారు.

గుమ్మంలో చెప్పులు విప్పుతున్న తహసీల్దారుగారు కంగారుపడ్డారు. "అయ్యో, పూజ మధ్యలో ఇదేంటండీ? ముందు మీ ప్రార్థన కానివ్వండి" అన్నారు.

ఆ మాట వినగానే సంఘపెద్దగారు అందరికంటే ముందు మోకాళ్ళ మీద పడ్డారు. అదీ తహసీల్దారుగారి వైపు తిరిగి.