పోశవ్వ కట్టిన ప్యాకెట్ ఉబ్బదు

కోరుట్లలో గల్ఫ్ విమానం ఎక్కబోయే మనిషి ఎవరైనా సూట్‌కేసు సర్దుకునే ముందు మా గడప తొక్కేవాడు. నా ముఖం చూడటానికి కాదు. నా ముఖం చూస్తే అయ్యే పని కూడా కాదని మా మరిది శ్రీశైలం బతికున్నప్పుడు అనేవాడు. వాళ్లు వచ్చేది శ్రీశైలం భార్య పోశవ్వ కోసం. నాకు యారాలు. నలభై ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం.

ముస్తాబాద్ పిల్ల. మా ఇంటికి వచ్చిన రోజు నోట్లో నాలుక ఉందో లేదో అని నాకే అనుమానం వచ్చింది. నేను పెద్దకోడల్ని, రెండో తరగతి చదివినదాన్ని. ఆమెకు అక్షరం ముక్క రాదు. పనులు ఆమె చేసేది, పద్ధతులు నేను చెప్పేదాన్ని. శ్రీశైలం తాటిచెట్టు మీది నుంచి పడి నడుము విరిగి పదకొండేళ్లు మంచంలో ఉంటే, బీడీలు చుట్టి అతన్ని సాకింది. ఒక్కనాడు కూడా ఏడుస్తుండగా నేను చూడలేదు. చూస్తే తిట్టేదాన్నేమో, అందుకని నాకు కనపడకుండా ఏడ్చి ఉంటుంది. ఆ తర్వాత శ్రీశైలం పోయాడు. మా ఆయన సత్తయ్య కూడా పోయాడు. ఇద్దరం ఒకే పొయ్యి మీద వండుకున్నాం. నాకు పిల్లలు లేరు. ఆమె బిడ్డ మనీషాను ఇద్దరం పెంచామని నేను నలుగురిలో అంటాను. నిజానికి ఆమె పెంచింది, నేను తిట్టాను.

మనీషా జగిత్యాలలో డిగ్రీ చదివి, అక్కడే ఒక ఫోన్ల దుకాణంలో పనికి కుదిరింది. మొదటి జీతంతో తల్లికి చీర తెస్తుందనుకుంటే చెప్పుల డబ్బా అంత మిషన్ తెచ్చింది.

"ఏందే ఇది? ఇస్త్రీపెట్టెనా?" అన్నాను.

"గాలి గుంజే మిషన్ పెద్దమ్మా. కవర్ల తిండి ఏసి మూతి దీంట్ల పెడ్తె, గాలంత గుంజి అతుకేస్తది. శానా దినాలు ఖరాబుగాదు."

"తిండిల గాలి ఏడికెళ్లి వస్తదే? గాలి నీ మాటలల్లనే ఉన్నది."

పోశవ్వ లేచింది. లోపలికి పోయి డబ్బాలోంచి సకినాలు తెచ్చి కవర్లో వేసి మూతి మిషన్‌లో పెట్టింది. మిషన్ మూలిగింది. కవరు సకినాల చుట్టూ బిగుసుకుంది. ఆ తర్వాత లోపల పటపటమని చప్పుడు. పిడికిలి పట్టి నలిపినట్టు సకినాలన్నీ పొడైపోయాయి.

"అక్కా, సకినాలు నూకలైనయి," అంది.

"మంచిగైంది. పండ్లు లేనోళ్లకు పెట్టు."

మనీషా ముఖం చిన్నబోయింది. పోశవ్వ మాత్రం ఆ నూకలను సాయంత్రం చాయ్‌లో వేసుకుని తాగుతూ మిషన్ వైపే చూస్తూ కూర్చుంది. వారం రోజుల్లో దాని గుట్టంతా పట్టేసింది. డబ్బాతో పాటు వచ్చిన పుస్తకం చదవడం ఆమెకు రాదు, అది ఇంగిలీషు గనుక నాకూ రాదు. ఆమె చప్పుడు విని నేర్చుకుంది. సకినాలు, గారెప్పలు లాంటి కరకరలాడేవైతే మిషన్ గొంతు మారగానే మీట నొక్కి ఆపేది. పొడి దంచితే పూర్తిగా చల్లారేదాకా కవరు ముట్టేది కాదు. కవరు మూతి దగ్గర నాలుగు వేళ్ల జాగా వదిలేది. అంచుకు నూనె చుక్క అంటితే అతుకు పట్టదని పొడిగుడ్డతో తుడిచేది. అందరూ ఒక్క అతుకు వేసి వదిలేస్తారు. ఆమె పక్కనే ఇంకొకటి వేసేది. పోశవ్వ కవరుకు ఎప్పుడూ రెండు గీతలుండేవి.

అన్నింటికంటే పెద్ద పట్టింపు తడి. మిషన్ పెట్టుకున్న గదిలోకి నేను చెయ్యి కడుక్కుని వస్తే చాలు, "అక్కా, తడిచేతులతోని ఆడ్నే ఉండు" అనేది. నలభై ఏళ్లలో ఆమె నాకు చెప్పిన పద్ధతి ఆ ఒక్కటే.

కవర్ల మీద పేర్లు రాయడం నా పని. నల్లరంగు పెన్నుతో లోపల ఏముందో, ఎవరికో రాసేదాన్ని. నేను రాశాక ఆమె పెన్ను తీసుకుని మూలకు ఒక చుక్క పెట్టేది. అదే ఆమె సంతకం. మస్కట్ నుంచి ఒకతను నాలుగు నెలల తర్వాత ఫోన్ చేసి, పోశవ్వ పెట్టిన ఎండుమాంసం ఇప్పుడే కోసుకున్నామని, ఇంట్లో తిన్నట్టే ఉందని చెప్పాడు. పోశవ్వ కట్టిన ప్యాకెట్ ఉబ్బదు అనే మాట మా గల్లీలో పుట్టి బస్టాండు దాకా పోయింది. దానికి ఆమె పొంగిపోలేదు. ఆ పొంగేదేదో నేనే పొంగాను.

మనీషాను సిరిసిల్లలో ఇచ్చాం. అల్లుడు సంపత్ నెమ్మదైన మనిషి. కిందటి ఎండాకాలం పిల్ల ఐదో నెలలో ఉండగానే పోశవ్వ బాలింత తిండి మొదలుపెట్టింది. వానకాలంలో కాన్పు.

"గింత తొందరేందే? పిల్ల ఇంక కడుపుల సక్కగ కూసోనే లేదు," అన్నాను.

"ఎండలున్నప్పుడే గద అక్కా మాంసం ఎండేది. వానల పొద్దు ఏడికెళ్లి తెస్త?"

మూడు ప్యాకెట్లు ఎండుమాంసం, రెండు శొంఠికారం, రెండు నువ్వుల పొడి. మొత్తం ఏడు. అన్నింటి మీదా 'మనీషా' అని నేను రాశాను. ఆమె చుక్క పెట్టింది. వాటిని గల్ఫ్ వాళ్ల సరుకుతో కలవనీయకుండా అలమారా పై అరలో విడిగా పెట్టింది.

జూన్ నెలలో, మొదటి వాన పడిన మర్నాడు పొద్దున పోశవ్వ గడపలో కూర్చుని చాటలో మెంతులు ఏరుతోంది. నేను చాయ్ తేవడానికి లోపలికి పోయాను. వచ్చేసరికి తలుపుకు ఆనుకుని ఉంది. మెంతులు చాటలోనే ఉన్నాయి, ఒక్క గింజ కింద పడలేదు. పిలిచాను. తర్వాత నేను ఆమె పక్కన కూర్చుని నా చాయ్ తాగాను. ఆమెది కూడా తాగాను. ఆ తర్వాతే పక్కింటివాళ్లను పిలిచాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలియదు.

మనీషాకు ఏడో నెల. ఫోన్‌లో, "వస్తున్న పెద్దమ్మా, ఆపుండ్రి," అంది.

"రావొద్దు," అన్నాను. "కడుపుతోని ఉన్న పిల్ల పీనుగను చూడొద్దు."

"గామె మా అమ్మ."

"అమ్మయితేంది? పద్ధతి పద్ధతే."

రాలేదు. ఫోన్‌లో బొమ్మ చూపించారు. పట్టుకున్నవాళ్లెవరో కాళ్ల వైపు పట్టారు. "మొకం దిక్కు పట్టుండ్రి" అని మనీషా గొంతు రెండుమూడుసార్లు వినపడింది.

ఆ రోజు సాయంత్రం మా పాలివాడు, దాయాదుల్లో వరుసకు మరిది, మల్లేశం ఇల్లంతా తిరిగాడు. చావు జరిగిన ఇంట్లో వండింది, పెట్టింది ఏదీ ఉంచకూడదు. పచ్చళ్ల జాడీలు వొంపారు. కారం డబ్బాలు బోర్లించారు. గల్ఫ్ వాళ్ల కోసం చేసినవన్నీ గుంతలో పోశారు. అతని చెయ్యి పై అర మీదికి పోయింది.

"ఒదినె, ఇవి గూడ తియ్యాలె గద."

"గాలే పోని దాంట్ల మైలెట్ల పోతది మల్లేశం? నువ్వు పోయి సూపెట్టు, నేను గప్పుడు పారబోస్త."

అక్కడున్న ఆడవాళ్లు నవ్వారు. మల్లేశం చెయ్యి దించాడు. ఆ ఏడు ప్యాకెట్లు మిగిలాయి.

పదకొండో రోజు అందరూ పోయాక, ఇల్లంతా చిలకరించగా మిగిలిన పసుపు నీళ్ల చెంబు నా చేతిలో ఉంది. అలమారా ముందు నిలబడ్డాను. మల్లేశం నోరు మూయించాను గానీ నా నోరు నేను మూయించుకోలేకపోయాను. తినేది ఎవరు? బాలింత. తాగేది ఎవరు? పసిగుడ్డు. పీనుగ లేచిన ఇంట్లో తిండి. ఊరందరికీ పద్ధతులు చెప్పిన ఈ కొమురమ్మ సొంత బిడ్డకు మైల తినిపించిందంటే ఏం మిగులుతుంది? ఇంటికి చల్లాం, మంచానికి చల్లాం, తలుపుకు చల్లాం. వీటికి చల్లలేదు. గాలే పోనిదానిలోకి ఆ పసుపు నీళ్లు మాత్రం ఎలా పోతాయి?

కత్తెర తెచ్చి ఏడు ప్యాకెట్లూ మూతి దగ్గర కోశాను. మామిడాకుతో ఒక్కోదానిలో రెండు మూడు చుక్కలు చిలకరించాను. మళ్లీ మిషన్‌లో పెట్టి గాలి గుంజి అతికాను. రాయిలా బిగిశాయి. చూసిన కళ్లకే ఇంత పని వచ్చిందని నాకు గర్వం కూడా కలిగింది. అన్నింటినీ గుడ్డసంచిలో పెట్టి మూతి కట్టి మేకుకు తగిలించాను. మళ్లీ అటు చూడలేదు.

తడి చెయ్యి పెట్టొద్దని ఆమె చెప్పింది. నేను మరిచిపోలేదు. పసుపు నీళ్లు నీళ్లే అన్న సంగతి మాత్రం నాకు తోచలేదు.

ఆగస్టులో మనీషాకు ఆడపిల్ల పుట్టింది. తల్లిగారింట్లో జరగాల్సిన పురుడు అత్తగారింట్లో జరిగింది. ఇరవై ఒకటో రోజు దాటాక రమ్మని ఫోన్ చేసింది. తన కోసం అమ్మ ఏవో పెట్టిందట కదా, అవి తెమ్మంది. వేరే ఏమీ వద్దంది.

మేకు మీది సంచి తీసి, మూతి విప్పకుండానే ఇంకో సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. జగిత్యాలలో దిగి సిరిసిల్ల బస్సు కోసం బెంచీ మీద కూర్చున్నప్పుడు సంచి ఒళ్లో పెట్టుకున్నాను. రాళ్ల మూట కదా, గుచ్చుకోవాలి. గుచ్చుకోలేదు. మెత్తగా ఉంది. వేలితో గుడ్డపై నుంచి నొక్కాను. పూరీ మీద నొక్కినట్టు లోపలికి పోయి మళ్లీ పైకి లేచింది. ఇంకొకటి నొక్కాను. అదీ అంతే. సిరిసిల్ల బస్సు వచ్చింది. ఎక్కాను. కిటికీ పక్కన కూర్చున్నాను. వేములవాడ వచ్చింది, పోయింది. నేను ఏమీ ఆలోచించలేదు. చీరకొంగు చేతిలో పట్టుకుని ఉన్నాను, అది గుర్తుంది.

పక్క షెడ్డులో మరమగ్గాల చప్పుడు వినపడుతుండగా మనీషా మంచం మీద కూర్చుని ఉంది. పిల్లను నా ఒళ్లో పెట్టలేదు, ముందు సంచి అడిగింది. ఒక ప్యాకెట్ తీసింది. ఉబ్బి గుండ్రంగా ఉంది. నా రాత మీద, మూలనున్న చుక్క మీద వేలు పెట్టింది. కత్తెరతో కోసింది. కుళ్లిన ఎండుమాంసం వాసన గదంతా పట్టింది. ఆమె అత్త లస్మవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. రెండోది కోసింది. శొంఠికారం ముద్దకట్టి పచ్చగా బూజు పట్టింది. ఒక్కటైనా మిగలకపోతుందా అన్నట్టు ఏడూ కోసింది. మిగల్లేదు.

లస్మవ్వ మంచి మనిషి. "పోనియ్యి ఒదినె," అంది నాతో. "గప్పటికే పోశవ్వొదినెకు పానం మంచిగ లేకుండె కావచ్చు. చేతులల్ల బలం లేక అతుకు సక్కగ పడకపోయి ఉంటది."

ఎంత తేలికైన దారి చూపించిందో. నేను తల ఊపితే సరిపోయేది. పోయిన మనిషి లేచి వచ్చి కాదనదు. నలభై ఏళ్లు నేను ఏమన్నా కాదననే లేదు. మస్కట్‌లో ఉబ్బని ప్యాకెట్, సొంత బిడ్డ ఇంట్లో ఉబ్బింది అని మాత్రం రేపటి నుంచి ఊళ్లో చెప్పుకుంటారు.

"గా అతుకు పోశవ్వది కాదు," అన్నాను. "నేనే కోసిన. పసుపు నీళ్లు చల్లి మళ్ల అతికిన."

లస్మవ్వ కొంగు దించింది. మనీషా మాత్రం తలెత్తలేదు. "ఎరుకే పెద్దమ్మా," అంది. "అమ్మ రెండు గీతలు కొడ్తది. వీటికి ఒక్కటే ఉన్నది. నువ్వు చెప్తవా చెప్పవా అని చూసిన."

"బాలింతవు. మైల తిండి ఎట్ల పెడ్త బిడ్డా?"

"అమ్మను చూడనియ్యలే. ఇగ గిది గూడ..." అని ఆగిపోయింది. ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. కోసిన కవర్లను ఒక్కచోటికి జరిపి మామూలుగానే అడిగింది. "శొంఠికారంల మెంతులు ఏంచి ఏస్తుండెనా, పచ్చియే ఏస్తుండెనా?"

ఎన్నేళ్లు తిన్నాను ఆ కారం. ఉప్పెక్కువైందని, ఘాటు తగ్గిందని ఎన్నిసార్లు వంకపెట్టాను. ఆమె దంచుతుంటే పక్కనే కూర్చుని ఊరందరి తప్పులూ ఎంచాను. ఆమె రోట్లో ఏం వేస్తోందో ఒక్కనాడూ చూడలేదు.

"నాకెరుక లేదు," అన్నాను.

మనీషా లేచి, ఖరాబైనదంతా పెరట్లో గుంత తీయించి పూడ్పించింది. ఖాళీ కవర్లను సబ్బుతో కడిగి, లోపలి వైపు బయటికి తిప్పి, తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరేసింది. తల్లి కూడా అలాగే ఆరేసేది. లస్మవ్వ పిల్లను తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నిద్రపోతోంది. నేను దాని ముఖం చూడకుండా కవర్ల వైపు చూస్తూ కూర్చున్నాను.

బయల్దేరేటప్పుడు మనీషా గడప దాకా వచ్చింది.

"మిషన్ ఈడికి పంపు పెద్దమ్మా. నువ్వేం చేస్తవ్ దాంతోని?"

"రేపే పంపుత," అన్నాను.

పంపాను. పెన్ను కూడా పెట్టాను. ఇప్పుడు ఆ అలమారా పై అర ఖాళీగా ఉంది. చేతులు తడిగా ఉన్నా సరే, ఆ గదిలోకి పోతున్నాను.