నాన్న అల్లుణ్ని అడిగే మాట

మా తమ్ముడికి ముప్ఫై దాటినా మనసు చిన్నపిల్లాడిది. అన్నం కలిపి పెడితే తింటాడు, దగ్గరికి పిలిస్తే నవ్వుతాడు. అమ్మ పోయాక వాడికి లోకమంతా నాన్నే. తన తర్వాత వాడేమైపోతాడన్న దిగులు నాన్నను కుదురుగా ఉండనిచ్చేది కాదు.

తొంభైల చివర్లో ఆయన రాజమండ్రిలో ఒక ప్లీడరుగారి చేత మండపేట దగ్గరున్న మా మూడెకరాల మీద ట్రస్టు రాయించారు. ట్రస్టంటే గుళ్ళకీ సత్రాలకీ కాక మనుషులకి కూడా ఉంటుందని మావాళ్ళెవరికీ తెలియదు. "ఏ దేవుడికి రాశారండీ?" అని వేళాకోళమాడేవారు. "మా ఇంట్లో దేవుడికేనండి" అనేవారు నాన్న.

తను బతికున్నంతకాలం ఆ పొలం వ్యవహారం తనే చూస్తారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు కాగితం మార్చుకోవచ్చు, రద్దూ చేసుకోవచ్చు. తన తర్వాత బాధ్యత నాది, పంట మీద వచ్చేది తమ్ముడిది, వాడుండేది మా ఇంట్లో. అప్పుడిక మార్చడానికి వీల్లేదు. వీలునామా సరిపోదా అని అడిగితే, "అది నేను పోయాక గానీ కదలదమ్మా. ఇది నేనుండగానే నడుస్తుంది. ఎక్కడ తేడా వచ్చినా నేనే సరిచేసుకుంటాను" అన్నారు.

అంతవరకు బాగానే ఉంది. నాకు ఒళ్ళు మండేది మరొకందుకు. ఏటా రెండో పంట, దాళ్వా కోతలయ్యాక నాన్న తమ్ముణ్ని వెంటబెట్టుకుని పెనుగొండలో మా ఇంటికి వచ్చేవారు. భోజనాలయ్యాక మా ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి, "ఈ యేడు కూడా ట్రస్టు కాగితం అలాగే ఉంచమంటారాండి అల్లుడుగారూ? మార్చమన్నా మార్చేస్తాను, మొహమాటపడకండి" అనేవారు. మా ఆయన ఇబ్బందిగా కదిలి, "ఉంచండి మావయ్యగారూ" అనేవారు. లోపల గిన్నెలు తోముతూ నా కోపమంతా వాటిమీద చూపించేదాన్ని.

ఒక యేడు ఇక ఊరుకోలేకపోయాను. "వాడు నా తమ్ముడు. చూసుకోవాల్సింది నేను. నన్నొక్కసారైనా అడిగారా?" అని కడిగేశాను.

నాన్న నొచ్చుకోలేదు. "నువ్వు కాదనలేవు కదమ్మా. కాదనలేనిదాన్ని ఏం అడగను? ఆయనైతే కాదనగలరు. అలాంటి మనిషి ఔనంటేనే నాకు ధైర్యం" అన్నారు. ఆ పూట నాన్న మీద నాకెంత ప్రేమ వచ్చిందో చెప్పలేను. ఆయన చెయ్యి పట్టుకుని అలా కూర్చుండిపోయాను.

రెండువేలు దాటిన కొన్నేళ్ళకి నాన్న మంచం పట్టారు. ఆ యేడు మేమే వెళ్ళాం. తమ్ముడు మంచం మీద కూర్చుని నాన్న కాళ్ళు పిసుకుతున్నాడు. నాన్న గొంతు పెగల్చుకుని, "అల్లుడుగారూ, ఇదే ఆఖరండి. నేను పోతే ఇక మార్చడానికుండదు. బాగా ఆలోచించుకుని చెప్పండి" అన్నారు.

"నన్నడగడం అయిపోయింది మావయ్యగారూ. వాణ్నడగండి, మా ఇంట్లో ఉంటాడో లేదో" అన్నారు మా ఆయన.

నాన్న తెల్లబోయారు. ఇన్నేళ్ళలో ఆ మాట మాకెవరికీ తోచలేదు. ఆయన మెల్లగా తల తిప్పి, "ఏరా నాన్నా, అక్కావాళ్ళింట్లో ఉంటావా?" అని అడిగారు.

తమ్ముడు పిసకడం ఆపి నావైపు చూశాడు, మా ఆయన వైపు చూశాడు.

"అక్క కేకలేస్తాది. బావగారుంటే ఉంటాను" అన్నాడు.

నాన్న దగ్గు వచ్చేదాకా నవ్వారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మా ఆయన వెళ్ళి వాడి పక్కన కూర్చుని, "నేనుంటాన్రా" అన్నారు.