బేచిరాగ్ ఊరి నర్సమ్మ

లేని ఊళ్లో పుట్టిన పిల్లను ఏ ఊరి పేరున రాయాలి? పదిహేనేళ్లుగా ఈ ప్రశ్న నా వెంట ఉంది. దాన్ని నాకు అంటగట్టిన మా మేనత్త పోయిన నెల మెట్‌పల్లిలో కన్నుమూసింది. కబురు వచ్చేసరికి నేను బడిలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. చేతిలో ఉన్న పేపరు పూర్తి చేసే లేచాను. ఆమె ఉంటే అదే చేయమనేది. "మాయ పడేదాక కాన్పు అయినట్టు గాదు బిడ్డా" అని ఆమె మాట. కాన్పులో బిడ్డ వెనక పడే మాయకే కాదు, అన్నింటికీ అదే మాట.

చిన్నతనంలోనే భర్త పోతే హైదరాబాద్ వెళ్లి పురుళ్లు పోయడం నేర్చుకుంది. సర్కారు నర్సుగా ఇచ్చోడ అవతల సడక్ మీద ఉన్న ఒక చిన్న దవాఖానలో చేరింది. ఎవరింటికి వెళ్లినా ముందు ముఖం కాదు, గోళ్లు చూసేది. సబ్బుబిళ్లను దారంతో చిన్న ముక్కలుగా కోసి సంచిలో వేసుకుని, గడపకో ముక్క ఇచ్చి, పురిటింటి అత్తగారి చేతులు తనే దగ్గరుండి కడిగించేది.

అడవిలో నాలుగు మైళ్ల దూరాన ముప్పై ఇళ్ల ఊరొకటి ఉంది. ఎప్పుడో గత్తర, అంటే కలరా, వచ్చి చచ్చినవాళ్లు చావగా, మిగిలినవాళ్లు ఊరు విడిచిపోయారట. అప్పటి సర్కారు దఫ్తరులో ఆ ఊరిని 'బేచిరాగ్' అని రాశారు. దీపం లేని ఊరు, అంటే మనుషులు లేని ఊరు. తర్వాత జనం తిరిగొచ్చి జొన్న వేసుకున్నారు గాని, దఫ్తరులోకి మాత్రం ఎవరూ తిరిగి రాలేదు. అందుకని ఆ ఊరికి మందులు లేవు, టీకాలు లేవు. అత్త దవాఖాన డాక్టరు సంగతి ఇంకో రకం. అత్త అనేది: "డాక్టరు కాయిదంల ఉన్నడు, దవాఖాన్ల లేడు. గా ఊరు అడివిల ఉన్నది, కాయిదంల లేదు. ఇద్దరికి పెండ్లి జేస్తె సరిపోతది."

అక్కడి కాన్పులన్నీ ఆమె సడక్ మీది ఊరి పేరుతోనే రాసేది. పోలీసు చర్య జరిగిన నాలుగైదేళ్లకు, ఎండాకాలం సెలవుల్లో వెళ్లి ఆ రిజిస్టరు చూశాను. డిగ్రీ చదివినదాన్ని, ఊరుకోలేదు.

"ఇది అబద్ధం గదా అత్తా. ఇట్ల రాస్తె ఆ ఊరు సర్కారుకు ఎన్నడు కనవడాలె?"

"బొడ్డు కోసేటప్పుడు ఊరి పేరెవలు అడుగుతరే" అని కసిరింది. మర్నాడు కొత్త పేజీ తీసి, ఆ ఊరి అసలు పేరు రాసింది. నేను గెలిచాననుకున్నాను.

ఆ వారమే చుట్టుపక్కల మశూచి మొదలైంది. టీకాలు వేసే ఆయన, అత్త రిజిస్టరు చూసి రాసిచ్చిన జాబితాలో ఆ పేరు చూసి తల అడ్డంగా ఊపాడు. "ఆ ఊరు బేచిరాగ్ నర్సమ్మా. లేనోళ్లకు టీకా ఎట్లెయ్యాలె? గాలికి పొడవాల్నా?"

అత్త అడవిలోకి వెళ్లి ఆ మాటకు అర్థం ఊరివాళ్లకు చెప్పింది. వాళ్లు దాన్ని ఉన్నదున్నట్టే పట్టుకున్నారు. మూడో రోజు మిట్టమధ్యాహ్నం, నిప్పులు చెరిగే ఎండలో, ఇంటికొకరు చొప్పున వెలిగించిన కందిళ్లు పట్టుకుని తాలూకా కచేరి ముందు నిలబడ్డారు. ముసలి పటేలు తన కందిలి పైకెత్తాడు.

"మా ఊర్ల దీపాలు లెవ్వని రాసిన్రట గదా సర్కార్. తెచ్చినం, చూసుకోండ్రి."

గుమాస్తాలు పగలబడి నవ్వారు. అత్త గుమ్మంలోనే ఉంది. "నవ్వుండ్రి సార్లూ, జర మంచిగ నవ్వుండ్రి. నవ్వినంక రాయుండ్రి."

తహసీల్దారు చెడ్డవాడు కాదు. అత్తకు కుర్చీ వేయించాడు. పేరు ఎక్కించాలంటే పైకి రాయాలన్నాడు, ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేనన్నాడు. పక్క ఊరి పేరు మీదైతే ఇప్పుడే టీకాలు రాసిస్తానన్నాడు.

ఆమె బయటికొచ్చి ఊరివాళ్లనే అడిగింది. "పక్కూరి పేరు మీదయితే రేపే టీకాలు. మన పేరు మీదయితే ఎన్నడో ఎరుకలే. నడుమల మశూచి తల్లి వస్తె నాతోని ఏంగాదు. చెప్పుండ్రి."

పెద్దవాళ్లు ఒకచోట చేరి మాట్లాడుకున్నారు. అందరి తరఫున పటేలే చెప్పాడు. "పోయినేడు సర్కారు గింజలు పక్కూరి పేరు మీదనే వచ్చినయి. పక్కూరోళ్లే తిన్నరు. మా పేరు మీదనే రానియ్యమ్మా."

ఆమె లోపలికి వెళ్లి వద్దని చెప్పింది. ఆనాటి నుంచి వారం వారం కచేరి అరుగు మీద కూర్చుంది. ఎవరైనా ఏమిటని అడిగితే "మాయ ఇంక పడలే" అనేది. ఏడో వారం హుకుం వచ్చింది. ఊరి పేరు దఫ్తరుకెక్కింది, ఆ పేరు మీదే టీకాలు వచ్చాయి.

కాని అయిదో వారంలోనే మశూచి ఆ ఊళ్లో అడుగు పెట్టింది. ఏడేళ్ల పిల్లకు సోకింది. అత్త ఆ ఇంట్లోనే ఉండిపోయింది. పిల్ల బతికింది, ఎడమ కన్ను పోయింది. ఆ సంగతి అత్త నాతో ఒక్కసారే మాట్లాడింది. "మందు సర్కారోళ్ల దగ్గర్నే ఉండె. అడ్డమున్నది ఒక్క మాట. ఆ మాట రాసినోన్ని ఎవడన్న అడిగిండా?" నిజమే. ఎవరూ అడగలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

అత్త పోయిన పదకొండో రోజున ఆ పిల్ల మెట్‌పల్లికి వచ్చింది. ఇప్పుడు పెద్దదయింది, చంకలో బిడ్డ. భోజనాలయ్యాక పక్కన కూర్చుని, అడగకూడనిది అడిగేశాను, అత్త మీద కోపముందా అని.

"కోపమెందుకక్కా? గీ బిడ్డను తీసింది ఆమెనే గదా." బిడ్డ మూతి తుడిచింది. "గా దినం అందరిని అడిగింది. పెద్దోళ్లందరు చెప్పిన్రు. పోరగాండ్లను ఎవలడుగుతరు?"

నిష్ఠూరం లేదు, ఉన్నమాట చెప్పినట్టే చెప్పింది. బిడ్డ ఎడమవైపు పాకితే, చూసుకోవడానికి తల మొత్తం అటు తిప్పింది.

నేను రాయమన్నాను, ఊరు ఆగుదామంది, అత్త నిలబడింది. ఈనాడు ఆ ఊళ్లో నెలనెలా నర్సు అడుగు పెడుతోంది. అయినా ఆనాడు పక్కూరి పేరు మీద టీకాలు తెచ్చుకోవలసిందా, కాదా? నేను ఇంకా తేల్చుకోలేదు.