ఎలుకల గది ముందు పీట

పీట బాబాయికి ఒకటే పిచ్చి: కోపంతో గానీ, ఏడుపు మొహంతో గానీ ఎవరినీ ఎలుకల గదిలోకి వెళ్ళనివ్వడు. ఆ పరిశోధనశాలలో ఎలుకలకు మేతా నీళ్ళూ చూసేది ఆయనే. తలుపు పక్కన ముక్కాలి పీట వేసి ఉంచుతాడు. వచ్చినవాళ్ళ మొహం తేరిపార చూసి, "పది నిమిషాలు కూర్చోండి" అంటాడు.

"మీరు రుసరుసలాడుతూ వెళితే అవి బెదురుతాయి. బెదిరితే వాటి ఒంట్లో రక్షణ కణాలు తగ్గుతాయి. లెక్క తేడా వస్తే మళ్ళీ నన్నే అంటారు!"

ఓసారి డైరెక్టరుగారే ఎవరినో దులిపెయ్యడానికి ఫైలు ఊపుకుంటూ వచ్చారు. ఆయన్నీ కూర్చోబెట్టాడు. పది నిమిషాలయ్యాక డైరెక్టరుగారు లేచి, "ఇంతకీ నేనెందుకొచ్చాను?" అని, ఫైలు అక్కడే మరిచిపోయి వెళ్ళిపోయారు. ఇంకో రోజు బాబాయే ఆ పీట మీద కూర్చుని అరగంటైనా లేవలేదు.

"ఏమైంది బాబాయ్?"

"మీ పిన్ని పొద్దున్నే తిట్లు లంకించుకుంది. నా మొహం నాకే బాగాలేదు."

అందరికంటే ఎక్కువగా ఆ పీటను అరగదీసింది పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి. వాళ్ళక్కకి రొమ్ము క్యాన్సరు. రోజూ ఆసుపత్రి నుంచి సరాసరి ఇక్కడికే వచ్చేది. ఎలుకల రొమ్ము గడ్డల్లోకి రక్షణ కణాలను పంపగల మందు కోసం ఆమె తంటాలు పడుతోంది. బాబాయి కూర్చోమన్నప్పుడల్లా పళ్ళు నూరేది, కూర్చునేది.

నాలుగు నెలలయ్యాక చివరి విడత ఎలుకల గడ్డలను పలచటి పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద చూసింది. రక్షణ కణాలు వచ్చాయి. గడ్డ అంచున గుంపుగా నిలబడ్డాయి. లోపలికి ఒక్కటీ పోలేదు.

ఎలుకల గదిలో ఉండిపోయిన నోటుపుస్తకం కోసం విసవిసా నడిచొచ్చింది.

"కూర్చో అమ్మాయ్."

"లోపల ఒక్క ఎలుకైనా లేదు బాబాయ్. బోనులన్నీ కడిగి బోర్లించింది మీరేగా! ఎవరు బెదురుతారు?"

"కూర్చోవే తల్లీ."

కూర్చుంది. కాసేపటికి తనే చెప్పింది: "గడ్డ గుమ్మందాకా వచ్చి ఆగిపోయాయి బాబాయ్. లోపలికెళ్ళలేదు."

బాబాయి గంభీరంగా ఆలోచించాడు. "నేనైతే ఆపలేదు."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. ముక్కు తుడుచుకుని నిలదీసింది: "నిజం చెప్పండి. ఇన్నాళ్ళూ కూర్చోబెట్టింది ఎలుకల కోసమేనా?"

"వాటి కోసమూను. మీ కోసమంటే మీలో ఒక్కరైనా కూర్చుంటారా? 'నాకేం, బానే ఉన్నా' అని తోసుకుపోతారు."

బాబాయి ఖాళీ బకెట్టు బోర్లించి, మోకాళ్ళు పట్టుకుని, ఆమె పక్కనే చతికిలబడ్డాడు.

"ఇప్పుడు చెప్పు. మీ అక్క ఎలా ఉంది?"