స్కాన్ గది మైకులో విన్న మాట

ఉద్యోగ విరమణకు ముందు చివరి కొన్నేళ్లు నేను జూబ్లీహిల్స్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో న్యూరోరేడియాలజీ సీనియర్ కన్సల్టెంటుగా పనిచేశాను. మెదడు ఆపరేషన్లకు ముందు సర్జన్‌కు దారి చూపే స్కాన్లు తీయించి, చదివి, రిపోర్టు ఇవ్వడం నా పని. ఫిల్మ్‌నగర్ పక్కనే కావడంతో సినిమావాళ్లు తరచూ వచ్చేవారు, ఎక్కువగా వెనక గేటు నుంచి. జబ్బు సంగతి బయటికి పొక్కితే అవకాశాలు పోతాయని వాళ్ల భయం.

మంజుల అలా వచ్చిన మనిషే. పేరు మార్చి రాస్తున్నాను. డబ్బింగ్ ఆర్టిస్టు, తెలుగు రాని హీరోయిన్లకు గొంతు ఇచ్చేది. శ్రీనగర్ కాలనీలో ఉండేది. ఒకరోజు రికార్డింగ్ మధ్యలో మాట ఆగిపోయి, కుడిచెయ్యి కొట్టుకోవడం మొదలైందట. స్కాన్‌లో ఎడమవైపు ముందుభాగంలో, మాటకు సంబంధించిన ప్రాంతం అంచున చిన్న గడ్డ కనిపించింది. దాన్ని తీయాలి. తీశాక మాట మిగలాలి.

ఇక్కడ మా పని గురించి కొంచెం చెప్పాలి. మెదడు పైపొర మడతలు పడి ఉంటుంది. కొన్ని మడతలను నమ్మవచ్చు. చేతిని కదిలించే భాగం దాదాపు అందరిలోనూ ఒకే మడతలో, గుర్రపు నాడాలా వంగిన చోట ఉంటుంది. మాట అలా కాదు. దూరదూరంగా ఉన్న కొన్ని భాగాలు కలిసి చేసే పని అది. అవి ఏ మడత మీద ఎంతమేర పరుచుకుని ఉంటాయన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. అందుకే ఫంక్షనల్ ఎమ్మారై చేస్తాం. రోగి స్కానర్‌లో పడుకుని మనసులో మాటలు అనుకుంటుంటే, పనిచేస్తున్న చోటికి రక్తం ఎక్కువగా చేరుతుంది. ఆ తేడాను యంత్రం పట్టుకుంటుంది. అలా దొరికిన మచ్చలను మడతల బొమ్మ మీద పరిచి సర్జన్‌కు ఇస్తాం.

పరీక్ష రోజు మంజులతో ఒక పెద్దావిడ వచ్చింది. మీ అమ్మగారా అని అడిగాను.

"కాదండీ, మా ఇంట్లో పనిచేస్తుంది," అంది మంజుల, తడుముకోకుండా.

ఆవిడ కుర్చీ చూపించినా కూర్చోకుండా గోడవారన నిలబడింది.

ఇంట్లో ఏ భాష మాట్లాడతారని రోగిని అడగడం మా నియమం. పరీక్ష ఆ భాషలోనే చేయాలి. "ఇదేనండీ, మనం మాట్లాడుతున్నదే," అంది మంజుల. మాది తెనాలి వైపు. ఆమె మాట నా మాటకన్నా శుభ్రంగా ఉంది.

బొమ్మలు చూపించి వాటి పేర్లు మనసులో అనుకోమన్నాం. సగం వాక్యాలిచ్చి పూర్తి చేయమన్నాం. మచ్చలు గడ్డకు ఎడంగానే వచ్చాయి. తర్వాత కాస్త విరామం ఇచ్చాం. రోగి పిలిస్తే వినపడాలని స్కానర్ లోపలి మైకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ముందే చెప్పాం గానీ, భయంలో మరిచిపోయినట్టుంది. కంట్రోల్ గదిలో నాకూ టెక్నీషియన్‌కూ, తనలో తాను మాట్లాడుకుంటున్న ఆమె గొంతు సన్నగా వినిపించింది.

"అమ్మా, నాకు బుగులైతుందే. నువ్వు గాడనే ఉండు, ఎటు పోకు. గట్ల జెప్పినందుకు ఏమనుకోకే."

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయాం. తలుపు సందులోంచి తొంగిచూసి దొరికిపోయినట్టు అనిపించింది నాకు. కానీ విన్నదాన్ని వదిలేయడానికి లేదు. రెండు యాసలకు మెదడులో రెండు గదులుంటాయని నేను అనను. అయితే నేర్చుకుని, సరిచూసుకుని పలికే మాటా, ఆలోచించకుండా నోటికొచ్చే మాటా మెదడుతో ఒకే రకం పని చేయించవు. మేం పరీక్షించింది మొదటిదాన్ని మాత్రమే.

ఆమెను బయటికి రప్పించి, అందరినీ పంపేసి, ఇంకో పరీక్ష ఉందన్నాను. అమ్మతో మాట్లాడే మాటలో చేయాలన్నాను.

"మైకు ఆన్‌లో ఉందా మేడం?"

ఉందన్నాను. రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఆ చేతుల వెనక నుంచే చెప్పింది. "నేను పెరిగింది ఇక్కడే, రహమత్ నగర్ బస్తీలో. మొదట్లో ఒక స్టూడియోలో నోరు జారి 'ఏంది' అన్నానని మైకు ముందు నుంచి లేపేశారు. అందరూ నవ్వారు. అప్పట్నుంచీ మా ఇంటి మాట బయట రానివ్వలేదు. ఇవాళ అమ్మనే..." వాక్యం పూర్తి చేయకుండానే, "ఇది రిపోర్టులో రాస్తారా?" అంది.

ఇంటి మాటలో కూడా పరీక్షించామని మాత్రమే రాస్తానన్నాను.

తల్లి యాదమ్మను కంట్రోల్ గదిలోకి పిలిచాం. కాసేపు మాట్లాడి, కాసేపు ఆగాలని, కూతురు లోపల మనసులోనే బదులు చెప్పుకుంటుందని వివరించాను. ఆవిడ మైకు ముందు నిలబడి నన్ను అడిగింది.

"నేను మాట్లాడితే నా బిడ్డకు నామోషీ గాదా డాక్టరమ్మా?"

ఆ అమ్మాయి నా తప్పు వల్ల సిగ్గుపడలేదు, నిజమే. కానీ ఆమె సిగ్గుపడింది నేను మాట్లాడే మాట ముందు. నేను తల దించుకుని మైకు బటన్ నొక్కాను.

"బిడ్డా, నేనే. ఫికర్ జెయ్యకు. పొద్దుగాల ఏం తినకపోతివి. ఇంటికి పోయినంక ఏం వండమంటవ్?"

ఈసారి గడ్డ పక్కనే, ఒక మడత లోతులో ఇంకో మచ్చ వచ్చింది. మళ్లీ చేసినా అక్కడే వచ్చింది. సర్జన్ లోపలికి దిగాలనుకున్నది సరిగ్గా ఆ మడత గుండానే. ఆయన దారి మార్చుకున్నారు. రోగిని మేలుకొల్పి ఉంచి, మాట్లాడిస్తూ ఆపరేషన్ చేశారు. ఆ మడత దగ్గర పరీక్షగా సన్నని కరెంటు తాకించినప్పుడల్లా మంజుల మాట ఆగిపోయిందట. అక్కడ గడ్డ కొంచెం వదిలేయాల్సి వచ్చింది.

కొన్ని వారాలు మాట తడబడింది. తర్వాత ఇంట్లో మామూలుగా మాట్లాడగలిగింది. తెర మీది పెదవులకు సరిపోయే వేగం మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. ఇప్పుడు చిన్న పాత్రలకే చెబుతోంది. తిరిగి స్కాన్‌కు వచ్చినప్పుడు ఒక్కతే వచ్చింది. అమ్మ ఎలా ఉందని అడిగితే, "బాగుందండీ," అని చూపు తిప్పుకుంది.

ఆ తర్వాత మా విభాగంలో పద్ధతి మార్చాను. భాష గురించి రోగిని ఒంటరిగా అడగడం మొదలుపెట్టాం. ఏ భాష అని కాకుండా, ఇంట్లో కోపమొస్తే ఎలా మాట్లాడతారని అడిగేవాళ్లం. జవాబు చెప్పడానికి సిగ్గుపడే ప్రశ్నను నలుగురిలో అడిగితే తప్పు జవాబే వస్తుంది. తప్పు జవాబు మీద తీసిన బొమ్మ ఎంత స్పష్టంగా ఉన్నా, సర్జన్‌ను తప్పు మడతలోకే పంపుతుంది.